సంఘం వెబ్‌సైట్‌కు వచ్చిందెవరు?

1950 నుంచి 1955 దాకా మదనపల్లె పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో క్షయవ్యాధి మీద పెద్ద అధ్యయనం ఒకటి సాగింది. దాన్ని చేపట్టింది ఆ పక్కనే ఉన్న ఆరోగ్యవరంలోని టీబీ శానటోరియం. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. మదనపల్లె అప్పుడు చిత్తూరు జిల్లాలోదే. డాక్టర్‌ యోహానెస్‌ ఫ్రిమోట్‌-మోలర్‌ బృందం ముందుగా ఇంటింటికీ తిరిగి మనుషుల పట్టిక రాసుకుంది. చర్మపరీక్షలు, ఎక్స్‌రేలు ఆ తర్వాతే. కొంతకాలానికి మళ్లీ ఆ పట్టిక పట్టుకునే వెళ్లి అదే మనుషుల్ని పరీక్షించింది. ఆ నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది.

ఇంత శ్రమ దేనికి? ఆస్పత్రి గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే రోగుల్ని లెక్కపెట్టుకుంటే చాలదా? చాలదు. గేటు లెక్కలో నాలుగుసార్లు వచ్చిన ఒకే రోగి నలుగురవుతాడు. నడవలేక ఇంట్లోనే పడి ఉన్నవాడు, ఇక్కడో ఆస్పత్రి ఉందనే తెలియనివాడు అసలు లెక్కలోకే రారు. పట్టిక చేతిలో ఉంటేనే ఎన్నిసార్లు అన్నది వేరు, ఎంతమంది అన్నది వేరు అని తేలుతుంది. ఏది పాత కేసో, ఏది కొత్తదో తెలుస్తుంది.

ఇవాళ తిరుపతి, చిత్తూరు, పలమనేరు, పుత్తూరు ప్రాంతాల్లో సొంత వెబ్‌సైట్‌ పెట్టుకున్న ప్రతి సంఘానికీ, ప్రతి పరిచర్యకూ ఈ సంగతి పనికొస్తుంది. వెబ్‌సైట్‌ గణాంకాలన్నీ గేటు లెక్కలే. పట్టిక మన దగ్గర ఉండదు, ఉండకూడదు కూడా. ఎందుకు ఉండకూడదో తర్వాత చెబుతాను. ముందు ఆ లెక్క ఎలా పుడుతుందో చూద్దాం.

ఎవరైనా మీ సంఘం పేజీ తెరవగానే సర్వర్‌ తన దస్త్రంలో ఒక వరుస రాసుకుంటుంది. తెలుగులో చదివితే ఇలా ఉంటుంది: ఆదివారం ఉదయం 6 గంటల 12 నిమిషాల 40 సెకన్లకు ఫలానా ఐపీ చిరునామా నుంచి ఆరాధన వేళల పేజీ అడిగారు, 200 అని జవాబిచ్చాం, అంటే పేజీ దొరికింది, పంపింది 18 వేల బైట్లు, వాళ్లు గూగుల్‌ నుంచి వచ్చారు, ఆండ్రాయిడ్‌ ఫోన్లో క్రోమ్‌ వాడారు. అంతే. పేరు లేదు, ఊరు లేదు, ఆడో మగో లేదు. ఈ వరుసల దస్త్రాన్నే లాగ్‌ అంటారు. మీరు అద్దెకు తీసుకున్న హోస్టింగ్‌లో సీప్యానెల్‌ ఉంటే, ఈ లాగ్‌ని చదివి పట్టికలుగా చూపే ఏడబ్ల్యూస్టాట్స్‌ అనే ఉచిత పరికరం చాలావరకు అందులోనే ఉంటుంది. పైసా ఖర్చు లేదు, కొత్తగా ఏదీ ఎక్కించనక్కర్లేదు.

చిక్కల్లా ఆ వరుసల్ని కూడినప్పుడు వస్తుంది. పేజీలో ఉన్న ప్రతి ఫొటోకూ ఒక వరుస, అంటే ఒక హిట్‌, పడుతుంది. క్రిస్మస్‌ వేడుకల ఫొటోలు 30 పెట్టిన పేజీని ఒక్కరు ఒక్కసారి తెరిస్తే కనీసం 31 వరుసలు. "మన సైట్‌కు పదివేల హిట్లు వచ్చాయి అయ్యగారూ" అని యూత్‌లోని కుర్రాడు సంతోషంగా చెబితే, ఆ పదివేల వెనక ఉన్నది మూడు వందల తెరవడాలే కావచ్చు. ఆ మూడు వందల్లోనూ మనుషులు కానివి ఎన్నో ఉంటాయి. గూగుల్‌, బింగ్‌ లాంటి వెతుకులాట సంస్థల బాట్లు (తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములు), కృత్రిమ మేధకు పాఠాలు చెప్పడానికి పేజీలు ఏరుకునే బాట్లు, ఎక్కడ తాళం సరిగా వేయలేదా అని వెతికే దొంగ బాట్లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. చిన్న సైట్ల లాగ్‌లో మనుషుల కంటే ఇవే ఎక్కువగా కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఐపీ చిరునామాను పట్టుకుని మనుషుల్ని విడదీద్దామంటే అదీ కుదరదు. మొబైల్‌ కంపెనీలు ఒకే చిరునామాను ఒకేసారి ఎంతోమందికి పంచుతాయి. ఊరి సంగతి మరీ చిక్కు. మీ ఫోను ఏ ఊళ్లో ఉందో కాక, కంపెనీ నెట్‌వర్క్‌ ఏ నగరంలో ఇంటర్నెట్‌లోకి కలుస్తుందో అది చాలాసార్లు మీ ఊరుగా నమోదవుతుంది. అసలే మనది మూడు రాష్ట్రాల కూడలి. కుప్పంవాళ్లకు బెంగళూరు దగ్గర, నగరి, సత్యవేడు వాళ్లకు చెన్నై దగ్గర. గణాంకాల్లో చెన్నై అని కనబడిన వ్యక్తి నిజంగా అక్కడ పనిచేస్తున్న మన సంఘస్థుడా, లేక నగరిలోనే కూర్చుని ఫోను చూస్తున్నాడా అన్నది ఆ లెక్క చెప్పలేదు. చెన్నైలో మనవాళ్లు పెరిగారని ఆ అంకె చూసి అక్కడ కూటం పెట్టే ఆలోచన చేయకండి.

లాగ్‌లోని ఈ లోపాలు కొన్నింటిని సరిచేయడానికే రెండో పద్ధతి వచ్చింది. పేజీలో చిన్న స్క్రిప్టు ఒకటి పెడతారు. అది చదివేవారి బ్రౌజర్లోనే నడిచి, ఏ పేజీ, ఎక్కడి నుంచి వచ్చారు, తెర ఎంత వెడల్పు, ఫోను ఏ భాషలో ఉంది వంటివి మరో సర్వర్‌కు చేరవేస్తుంది. బాట్లు చాలావరకు స్క్రిప్టు నడపవు కాబట్టి ఈ లెక్కలో వాటి బెడద తక్కువ. మళ్లీ వచ్చినవారిని గుర్తుపట్టడానికి ఒక యాదృచ్ఛిక సంఖ్యను కుకీగా ఆ బ్రౌజర్లో దాస్తుంది. గూగుల్‌ అనలిటిక్స్‌ కుకీ గడువు 2 ఏళ్లు. ఐఫోన్లలోని సఫారీ మాత్రం ఇలా స్క్రిప్టు పెట్టిన కుకీని 7 రోజులకే చెరిపేస్తుంది. కాబట్టి నెలకోసారి మీ సైట్‌ చూసే ఐఫోన్‌ విశ్వాసి ప్రతిసారీ కొత్త మనిషే.

కుకీ గుర్తుపట్టేది బ్రౌజర్‌ని, మనిషిని కాదు. ఆఫీసు కంప్యూటర్లో, సొంత ఫోన్లో, వాట్సాప్‌ లింకు నొక్కి వేరే బ్రౌజర్లో చూసిన ఒక్కరే లెక్కలో ముగ్గురవుతారు. మన ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగబడ్డ సంగతీ ఉంది. కొడుకు ఫోన్లో అవ్వ వాక్యం వింటుంది, కోడలు సండే స్కూల్‌ పాట వెతుకుతుంది, మనవడు క్విజ్‌ చూస్తాడు. ముగ్గురూ కలిసి ఒక్కరే. అందుకని "యూజర్లు" అన్న గడిలోని అంకెను సంఘం హాజరు పట్టీ పక్కన పెట్టి పోల్చడం పొరపాటు.

మరి ఏ అంకెను చూడాలి? తిరుపతి పేపర్లలో రోజూ వచ్చే తిరుమల సమాచారం గమనించండి. దర్శనం చేసుకున్నవారు ఇంతమంది, తలనీలాలు సమర్పించినవారు ఇంతమంది, హుండీ ఇంత. మూడూ ఒకే రోజు జనానికి సంబంధించినవే, కానీ ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. వెబ్‌సైట్‌ లెక్కలూ అంతే. గూగుల్‌ అనలిటిక్స్‌లో సెషన్‌ అంటే ఒక విడత చూపు. 30 నిమిషాలు కదలిక లేకపోతే ఆ విడత ముగిసినట్టు. ఎంగేజ్డ్‌ సెషన్‌ అంటే 10 సెకన్లకు పైగా ఉన్నదో, రెండు పేజీలు చూసినదో, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఏదైనా జరిగినదో. ఈ చివరి మాట దగ్గరే సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాలి. మన సైట్‌లో ముఖ్యమైన పని ఏది? కొత్తగా బదిలీ అయి తిరుపతి వచ్చిన కుటుంబం ఆరాధన వేళలు చూసి, దారి తెలుసుకుని, పాస్టర్‌గారి నంబరు నొక్కడం. నా ఉద్దేశంలో చిన్న సంఘానికి ఇంతకు మించిన ముఖ్యమైన పని లేదు. ఫోన్‌ నంబరు నొక్కినవాళ్లు నెలకు పదిమంది ఉంటే, పదివేల హిట్లకన్నా అది పెద్ద వార్త.

ఇక పరికరాల సంగతి. ఎక్కువమందికి తెలిసింది గూగుల్‌ అనలిటిక్స్‌. గూగుల్‌ 2005లో అర్చిన్‌ అనే కంపెనీని కొని, అదే ఏడాది నవంబరులో దాని పరికరాన్ని అందరికీ ఉచితం చేసింది. జనం ఎంతలా ఎగబడ్డారంటే కొద్దిరోజుల్లోనే కొత్త ఖాతాలు ఇవ్వడం ఆపాల్సి వచ్చింది. పాత రకం యూనివర్సల్‌ అనలిటిక్స్‌ 2023 జులై 1న లెక్కించడం ఆపేసింది. ఆ తర్వాత దాని కొత్త రకమైన జీఏ4కు మారని సైట్లలో ఆ పాత స్క్రిప్టు ఇంకా ఉన్నా అది ఏమీ లెక్కపెట్టదు. మీ సైట్‌ నాలుగైదేళ్ల కిందట ఎవరో కట్టిచ్చినదైతే ఒకసారి చూసుకోండి. జీఏ4 వాడేవాళ్లు మరో మీట కూడా చూడాలి. లోతైన విశ్లేషణకు వాడే సమాచారం మామూలుగా 2 నెలలే నిలవ ఉంటుంది. సెట్టింగుల్లో 14 నెలలకు మార్చుకోవచ్చు. మార్చకపోతే ఈ క్రిస్మస్‌ను పోయిన క్రిస్మస్‌తో వివరంగా పోల్చలేరు.

అయితే చిన్న సంఘానికి ముందుగా కావలసింది అనలిటిక్స్‌ కాదు, సెర్చ్‌ కన్సోల్‌ అంటాను. అదీ గూగుల్‌ వారిదే, అదీ ఉచితమే. మీ సైట్‌లో ఏ స్క్రిప్టూ పెట్టక్కర్లేదు. వెతుకులాటలో ఏ మాటలు కొడితే మీ పేజీ కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి 16 నెలల వరకు చూపిస్తుంది. మరీ అరుదైన మాటలను, మనుషుల గోప్యత కోసం, దాచిపెడుతుంది. ఇందులో మనకు దొరికే గొప్ప సమాచారం భాషకు సంబంధించింది. జనం తెలుగు లిపిలో వెతుకుతున్నారా, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొడుతున్నారా, చర్చి అంటున్నారా, మందిరం అంటున్నారా అన్నది కళ్లకు కడుతుంది. పేజీ శీర్షిక మీరు "దైవారాధన సమయములు" అని పెట్టి, జనం "చిత్తూరు చర్చి టైమింగ్స్‌" అని వెతుకుతుంటే ఇద్దరూ కలుసుకోరు. దీనికి తోడు గూగుల్‌ మ్యాప్స్‌లో మీ మందిరానికి బిజినెస్‌ ప్రొఫైల్‌ తీసుకుంటే, దారి అడిగినవారెందరు, అక్కడి నుంచి ఫోన్‌ చేసినవారెందరు అన్నదీ తెలుస్తుంది. వెబ్‌సైటే లేని సంఘానికి కూడా ఇది పనికొస్తుంది.

సైట్‌ లోపలి కదలిక కూడా తెలియాలంటే, గూగుల్‌ కాకుండా మంచి దారులున్నాయి. మటోమో 2007లో పివిక్‌ అన్న పేరుతో మొదలై 2018లో పేరు మార్చుకుంది. మామూలు అద్దె హోస్టింగ్‌లోనే ఎక్కించుకోవచ్చు, సమాచారమంతా మన సర్వర్లోనే ఉంటుంది. కుకీలు లేకుండా నడిపే మీట కూడా ఉంది. గోట్‌కౌంటర్‌ చాలా చిన్నది. చిన్న సైట్లకు ఉచితం, కుకీ పెట్టదు, ఒకే పేజీలో మొత్తం లెక్క చూపిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్‌ వెబ్‌ అనలిటిక్స్‌ కూడా కుకీ లేనిదే. ఉమామీ లాంటివి కంప్యూటర్‌ పని తెలిసిన యూత్‌ సభ్యుడు ఎవరైనా ఉంటే సరి. మైక్రోసాఫ్ట్‌ క్లారిటీ మాత్రం వేరే తరహా. చదివేవారు తెర మీద ఎక్కడ వేలు పెట్టారో, ఎక్కడ ఆగారో వీడియోలా మళ్లీ చూపిస్తుంది. దుకాణాల సైట్లకు బాగుంటుందేమో గాని, ప్రార్థన విన్నపాలు రాసే చోట అది ఉండటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. గడుల్లో రాసిన సున్నితమైన అక్షరాలను అది దాచిపెట్టినా సరే.

ఏ పరికరం వాడినా అంకెలు చిన్నవైనప్పుడు తొందరపడకూడదు. మీ సైట్‌కు వారానికి 40 విడతలు వస్తాయనుకుందాం. ఈ వారం 52 వచ్చాయి. కొత్త బ్యానర్‌ పనిచేసిందనుకోవచ్చా? ఫ్రెంచి గణితవేత్త పాయిసాన్‌ 1837లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఎవరికి వారుగా వచ్చే సందర్శకుల లెక్కలో సహజమైన ఊగిసలాట ఆ సంఖ్య వర్గమూలం అంత ఉంటుంది. 40కి వర్గమూలం 6 పైచిలుకు. దానికి రెట్టింపు అటూ ఇటూ వేస్తే, ఏ మార్పూ జరగకుండానే ఒక వారం 27, మరో వారం 53 రావచ్చు. పైగా సంఘం సైట్‌కు జనం ఎవరికి వారుగా రారు. గ్రూపులో ఒక మెసేజ్‌ పడితే ఇరవైమంది కలిసి వస్తారు. కాబట్టి ఊపు ఇంకా ఎక్కువే. వారాలు కాదు, మూడేసి నెలలు పోల్చుకోండి. పండుగలను తేదీతో కాక పండుగతోనే పోల్చండి. గుడ్‌ ఫ్రైడే 2025లో ఏప్రిల్‌ 18న, 2026లో ఏప్రిల్‌ 3న వచ్చింది. ఏప్రిల్‌ మూడో వారాన్ని ఏప్రిల్‌ మూడో వారంతో పోల్చి సైట్‌ పడిపోయిందని బాధపడితే ఆ బాధ లెక్క తప్పు వల్ల వచ్చిందే.

మన సంఘాల కదలిక ఎక్కువగా యూట్యూబ్‌, వాట్సాప్‌లలో ఉంటుందన్నది తెలిసిందే. వాట్సాప్‌లో లింకు నొక్కి వచ్చినవారు ఎక్కడి నుంచి వచ్చారో సాధారణంగా తెలియదు. "డైరెక్ట్‌" అన్న గంపలో పడతారు. లింకు చివర యూటీఎం అనే చిన్న గుర్తు తగిలిస్తే ఆ చిక్కు పోతుంది. పాత అర్చిన్‌ కంపెనీ అలవాటు చేసిన పద్ధతి అది. ఉపవాస ప్రార్థన గ్రూపుకు ఒక గుర్తు, యూత్‌ గ్రూపుకు ఒక గుర్తు, గోడ పోస్టరు మీది క్యూఆర్‌ కోడ్‌కు ఒకటి. ఏది పనిచేసిందో నెలాఖరుకు తెలుస్తుంది. గుర్తు గ్రూపుకే ఉండాలి, మనిషికి వద్దు. పోస్టరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: లాగ్‌లో 404 అన్న జవాబులు చూడండి. అడిగిన పేజీ లేదని దానర్థం. కన్వెన్షన్‌ పోస్టరులో చిరునామాలో సైట్‌ పేరు తర్వాతి భాగం ఒక్క అక్షరం తప్పు అచ్చయితే, ఆ తప్పు చిరునామా కొట్టినవాళ్లంతా అక్కడ వరుసగా కనిపిస్తారు.

రాయలసీమ సంఘాలకు కువైట్‌ సంగతి మరిచిపోకూడదు. కడప, చిత్తూరు పల్లెల నుంచి ఇంటి పనులకు వెళ్లిన అక్కచెల్లెళ్లు అక్కడ ఎందరో. వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి సంఘాలు చాలావరకు శుక్రవారమే ఆరాధన చేసుకుంటాయి. గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మీ లెక్కల్లో శుక్రవారాలు కువైట్‌ నుంచి కదలిక కనిపిస్తే, దేశం వరకు ఆ సమాచారాన్ని చాలావరకు నమ్మవచ్చు. పని ముగించుకుని రాత్రి పదకొండుకు ఫోన్‌ తెరిచే ఆమెకు బరువైన వీడియో పేజీ కన్నా, తక్కువ డేటాతో నడిచే ఆడియో వాక్యం మేలు. ఇలాంటి నిర్ణయం తీసుకోగలిగితే గణాంకం తన పని చేసినట్టే.

ఇప్పుడు పట్టిక ఎందుకు ఉండకూడదన్న మాట. ఆరోగ్యవరం డాక్టర్లు పట్టిక రాసుకున్నది గడప దగ్గర నిలబడి, మనిషి ఎదుట. వెబ్‌సైట్‌ మీద అటువంటి పట్టిక తయారైతే అది చదివేవారికి తెలియకుండానే తయారవుతుంది. 1950 నాటి షెడ్యూల్డ్‌ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికి తప్ప ఎస్సీ హోదా వర్తించదు. ఒక కుటుంబం చర్చికి వెళుతుందా లేదా అన్నది మన ఊళ్లలో ఉద్యోగంతో, స్కాలర్‌షిప్‌తో ముడిపడిన విషయం. వేరే విశ్వాసం గల ఇంట్లో ఉంటూ రాత్రివేళ ఒంటరిగా వాక్యం చదువుకునే అమ్మాయి ఉంటుంది. తాగుడు మానలేక, మొగుడి దెబ్బలు భరించలేక ప్రార్థన కోరేవారు ఉంటారు. వాళ్లు మీ పేజీ తెరిచారన్న సంగతి మూడో చెవిన పడకూడదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. ప్రకటనల కంపెనీలు మతాన్ని ఒక గడిగా వాడుకున్న చరిత్ర ఉంది. ఫేస్‌బుక్‌ మాతృసంస్థ మెటా మతానికి సంబంధించిన టార్గెటింగ్‌ ఎంపికలను తొలగించింది 2022 జనవరిలోనే. యూరప్‌ చట్టం మత విశ్వాసాన్ని ప్రత్యేక రక్షణ కలిగిన సమాచారంగా చూస్తుంది. 2022లో ఆస్ట్రియా, ఫ్రాన్స్‌ నియంత్రణ సంస్థలు గూగుల్‌ అనలిటిక్స్‌ వాడిన తీరును తప్పుపట్టాయి. మన దేశంలో 2019 నాటి ముసాయిదా బిల్లు మత విశ్వాసాన్ని సున్నితమైన సమాచారంగా పేర్కొంది. 2023 ఆగస్టులో చట్టమైన డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మాత్రం ఆ విభజన లేదు. చట్టం ప్రత్యేకంగా అడగకపోయినా సంఘం తనంతట తానే ఆ జాగ్రత్త తీసుకోవాలి. ఫేస్‌బుక్‌ పిక్సెల్‌ అనే ప్రకటనల స్క్రిప్టును పరిచర్య సైట్‌ నుంచి తీసేయండి. కుకీ లేని లెక్కతో సరిపెట్టుకోండి. ప్రార్థన విన్నపం, కౌన్సెలింగ్‌, కానుకల పేజీల్లో ఏ బయటి స్క్రిప్టునూ ఉంచకండి.

ఆ విన్నపం ఫారంలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఫారం సమాచారాన్ని పంపే పద్ధతులు రెండు: గెట్‌, పోస్ట్‌. గెట్‌ పెడితే రాసిందంతా పేజీ చిరునామాలోనే చేరుతుంది. పేరు, ఫోన్‌ నంబరు, జబ్బు, ఇంటి గొడవ అన్నీ సర్వర్‌ లాగ్‌లో పడతాయి. అనలిటిక్స్‌ ఉంటే అక్కడ "చూసిన పేజీల" జాబితాలోనూ వరుసగా కూర్చుంటాయి. వ్యక్తుల వివరాలు తమకు పంపకూడదని గూగుల్‌ నిబంధనల్లోనే ఉంది, కానీ ఫారం కట్టినవారికి ఆ సంగతి తట్టదు. కనిపెట్టడం తేలిక. మీ సైట్‌లోని విన్నపం ఫారం తెరిచి, ఫోన్‌ నంబరు గడిలో 12345 అని కొట్టి పంపండి. తర్వాత తెర పైన చిరునామా పట్టీ చూడండి. ఆ 12345 అక్కడ కనిపిస్తే ఇవాళే ఫారాన్ని పోస్ట్‌ పద్ధతికి మార్పించి, పాత లాగ్‌లను తుడిపించండి. ఏ లెక్కల పరికరమైనా ఆ తర్వాతే ఎక్కించండి.